భోర్ ఘాట్: రైలు దిశ మార్చుకుని కొండెక్కిన చోటు

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ లోనావలా దాటాక ఘాట్ దిగుతుంది. చాలామంది ప్రయాణికులకు అది సొరంగాలు, జలపాతాల దారి. భారత రైల్వే తొలినాళ్లలో అత్యంత కష్టమైన పనుల్లో ఒకటి జరిగింది అక్కడే.

ఎందుకు కట్టారు?

1853లో బొంబాయి-ఠాణే మధ్య తొలి ప్రయాణికుల రైలు నడిచింది. కానీ దక్కన్ పత్తి బొంబాయి రేవుకు చేరాలంటే సహ్యాద్రి కొండలు అడ్డు. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే చీఫ్ ఇంజినీర్ జేమ్స్ బర్‌క్లీ ఆధ్వర్యంలో 1856లో ఘాట్ పనులు మొదలయ్యాయి. 1863 ఏప్రిల్ 21న మార్గం ప్రారంభమైంది. అప్పటికి బర్‌క్లీ జీవించి లేరు. సుమారు 25 కిలోమీటర్లలో 1,831 అడుగుల ఎత్తు, 25 సొరంగాలు. నిటారైన చోట ప్రతి 37 అడుగులకు ఒక అడుగు చొప్పున రైలు పైకెక్కాలి.

రివర్సింగ్ స్టేషన్

ఖండాలా సమీపంలో పట్టాలను మలుపు తిప్పేందుకు కొండ అంచున చోటు లేదు. అందుకే రైలు ఆ అంచు దాకా వచ్చి ఆగేది. ఇంజిన్‌ను రెండో చివరకు మార్చేవారు. అక్కడి నుంచి రైలు వ్యతిరేక దిశలో పైకి సాగేది. 1929లో కొత్త మార్గం రావడంతో ఈ పద్ధతికి తెరపడింది.

కూలీల లెక్క

1861 నాటికి ఇక్కడ 42 వేల మందికి పైగా పనిచేస్తున్నారు. కూలి చెల్లింపుల వివాదం 1859లో అల్లర్లకు దారితీసింది. కాంట్రాక్టు చేతులు మారింది. కొత్త కాంట్రాక్టర్ సాలమన్ ట్రెడ్‌వెల్ ఇండియా చేరిన కొద్ది రోజులకే చనిపోగా, ఆయన భార్య ఆలిస్ బాధ్యత తీసుకుని, అనుభవజ్ఞులైన ఇంజినీర్లతో పని పూర్తి చేయించారు. ఈ పేర్లు చరిత్రలో నిలిచాయి. కలరా, ఇతర జబ్బులు, ప్రమాదాలకు బలైన వేలాది కూలీల పేర్లు నిలవలేదు. హడావిడి కట్టడానికీ మూల్యం తప్పలేదు: 1867లో మావుకీ మలీ వంతెన కూలిపోయింది.

ఇప్పుడు ఏం చూడొచ్చు?

ఘాట్‌ను చూడటానికి రైలు కిటికీయే మంచి చోటు. కర్జత్‌లో రైలు వెనక అదనపు ఇంజిన్లు తగిలించడం, దిగే రైళ్లను బ్రేకుల పరీక్ష కోసం మధ్యలో ఆపడం ఇప్పటికీ ఉన్నాయి. ఖండాలాలోని రాజ్‌మాచి పాయింట్ నుంచి లోయ కనిపిస్తుంది. వర్షాకాలం అందమైనదే అయినా కొండచరియలు విరిగిపడి రైళ్లు రద్దవుతుంటాయి. పట్టాల వెంట నడవడం ప్రమాదకరం, నేరం కూడా.

దగ్గర్లోని రోడ్డు మీద తెలుగువారికి తెలిసిన పేరు ఒకటి ఉండేది: అమృతాంజన్ వంతెన. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో ప్రారంభించిన కంపెనీ ప్రకటన వల్ల ఈ బ్రిటిష్ కాలపు వంతెనకు ఆ పేరొచ్చింది. ఎక్స్‌ప్రెస్‌వేపై రాకపోకలకు ఇరుకవుతోందని 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సమయంలో, దాన్ని పేల్చేశారు. నీలగిరి, డార్జిలింగ్ రైళ్లకు యునెస్కో గుర్తింపు ఉంది. వాటికంటే ముందే పుట్టిన భోర్ ఘాట్‌కు అది లేదు. మిగిలిన ఆనవాళ్లకైనా రక్షణ కావాలి.