రైతు కుటుంబానికి నేరుగా నగదు సాయం: చరిత్ర, ప్రభావం, పరిమితులు

పరిచయం

కొత్తవాడ పేరు వినగానే మీకు జంపఖానాలు గుర్తుకు వస్తాయి. వరంగల్ నగరంలోని ఈ పేటలో మగ్గం నేసే చాలామందికి నూలు కొనే పెట్టుబడి ఉండదు. నూలు ఇచ్చిన సావుకారే నేసిన సరుకు తీసుకుని కూలి లెక్క కడతాడు. నగరం దాటి పత్తి చేలలోకి వెళ్తే ఇలాంటి కట్టుబాటే కనిపిస్తుంది. విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పుగా ఇచ్చిన వ్యాపారికే రైతు పంట అప్పజెప్పాలి. ధర అతడు చెప్పిందే. 1997-98లో పురుగు ఉధృతికి పత్తి దెబ్బతిన్నప్పుడు వరంగల్ జిల్లాలో ఎందరో రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. పంట పోయినా అప్పు పోలేదన్నది ఆ విషాదం నేర్పిన పాఠం. నగదు సాయం గురించి చదివేటప్పుడు ఈ నేపథ్యాన్ని మరచిపోకండి.

తక్కావీ నుంచి బ్యాంకు ఖాతా వరకు

రైతుకు ప్రభుత్వం డబ్బు ఇవ్వడం కొత్త విషయం కాదు. బ్రిటిష్ ఇండియాలో 1883, 1884 చట్టాల కింద తక్కావీ రుణాలు ఇచ్చేవారు. అయితే అవి అప్పులు. తీర్చకపోతే శిస్తు బకాయి మాదిరిగానే వసూలు చేసేవారు. తరువాత సహకార పరపతి సంఘాలు, బ్యాంకులు వచ్చాయి. 2008లో కేంద్రం రుణమాఫీ ప్రకటించింది. మాఫీ వర్తించేది బ్యాంకుల్లో, సహకార సంఘాల్లో తీసుకున్న అప్పుకే. వడ్డీ వ్యాపారి దగ్గర తీసుకున్న అప్పు అలాగే మిగిలింది.

తెలంగాణ ప్రభుత్వం 2018 మే 10న హుజూరాబాద్‌లో ప్రారంభించిన రైతుబంధు ఈ క్రమాన్ని మార్చింది. పంట పోయాక అప్పు మాఫీ చేయడం కాకుండా, విత్తడానికి ముందే పెట్టుబడి ఇవ్వడం దీని ఉద్దేశం. ఎకరానికి పంటకాలానికి రూ.4,000 చొప్పున, వానాకాలం, యాసంగి రెండింటికీ నిర్ణయించారు. 2019 నుంచి దాన్ని రూ.5,000 చేశారు. మొదట గ్రామాల్లో చెక్కులు పంచారు, తరువాత నేరుగా ఖాతాల్లో జమ చేశారు. 2019 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం కిసాన్‌ను ప్రారంభించి ఏటా రూ.6,000ను మూడు విడతల్లో ఇస్తోంది.

ఇంట్లో ఏం మారుతుంది?

మూడెకరాల పట్టా ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించండి. మొదటి లెక్కన వానాకాలానికి రూ.12,000 వస్తుంది. ఇదే మొత్తాన్ని నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి ఆరు నెలలు తెస్తే వడ్డీయే రూ.1,440. అది మిగలడం చిన్న లాభం. అసలు లాభం మరొకటి ఉంది. చేతిలో నగదు ఉన్న రైతు విత్తనం ఏ దుకాణంలో కొనాలో తానే నిర్ణయించుకోగలడు. అప్పు బంధం లేకపోతే పంటను ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చి, పదిమంది ధర చూసి అమ్ముకోగలడు. అంటే నగదు సాయం ఖర్చుతో పాటు బేరమాడే శక్తిని కూడా మారుస్తుంది.

అయితే పరిమితులు చూడండి. పత్తి సాగు మొత్తం ఖర్చుకు ఈ సొమ్ము చాలదు. వానలు పడి విత్తనం వేశాక డబ్బు వస్తే, అప్పటికే రైతు పాత అప్పులవాడి గడప తొక్కి ఉంటాడు. ఎకరాల లెక్కన ఇవ్వడం వల్ల మూడెకరాల ఆసామికి వచ్చినదానికి పదింతలు ముప్పై ఎకరాల ఆసామికి చేరుతుంది.

రైతు ఎవరు?

అన్నిటికన్నా కీలకమైన ప్రశ్న ఇది. రైతుబంధు పట్టాదారుకు వచ్చింది, కౌలుదారుకు రాలేదు. పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉన్న యజమాని ఖాతాలో సాయం పడింది. కౌలు కట్టి, అప్పు తెచ్చి, దున్నినవాడి ఇంటికి రాలేదు. ఇంటి ఆడవాళ్లు పొలంలో ఎంత పనిచేసినా, పట్టా భర్త పేరునో మామ పేరునో ఉంటే సొమ్ము వారి ఖాతాకే చేరుతుంది.

ఈ చిక్కు పాతదే. హైదరాబాద్ రాజ్యంలో 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. 2011లో ఉమ్మడి రాష్ట్ర చట్టం కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చింది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రారంభించిన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల కౌలు రైతులకు చోటిచ్చారు. తెలంగాణలో 2025 జనవరి 26న ఎకరానికి ఏటా రూ.12,000 రైతు భరోసాతో పాటు, భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబాలకు ఏటా రూ.12,000 ఇచ్చే పథకం మొదలైంది. అయితే కౌలుదారు పొలం సాగు చేసేవాడిగా లెక్కలోకి రావడం, కూలీగా లెక్కలోకి రావడం ఒకటి కాదు.

మళ్లీ కొత్తవాడకు వద్దాం. 2017లో మొదలైన నేతన్నకు చేయూత పొదుపు పథకంలో నేత కార్మికుడు తన కూలిలో 8 శాతం జమ చేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపింది. అక్కడ చూసింది చేసే పనిని. పొలం దగ్గరకు వచ్చేసరికి చూస్తున్నది కాగితాన్ని. ఈ తేడాను మీరు గమనించాలి.

సారాంశం

నగదు సాయం వడ్డీ భారాన్ని తగ్గిస్తుంది, రైతుకు కొనే చోట, అమ్మే చోట కొంత స్వేచ్ఛ ఇస్తుంది. అది సకాలంలో రావాలి, సాగు చేసేవారికి చేరాలి. ఈ రెండూ జరగని చోట 1997-98 నాటి అప్పుల వల అలాగే ఉంటుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. తక్కావీ రుణానికి, పెట్టుబడి సాయానికి గల తేడా ఏమిటి?
2. రుణమాఫీ వల్ల వడ్డీ వ్యాపారి అప్పు ఎందుకు తీరలేదు?
3. మీ ఊరిలో ఒక పట్టాదారు కుటుంబాన్ని, ఒక కౌలు కుటుంబాన్ని కలవండి. ఈ వానాకాలం పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి, ఒక పేజీ రాయండి.