బరువు కళ్ళ ఎరచేప ఫ్లై

బరువు కళ్ళ ఎరచేప ఫ్లై ఒక కృత్రిమ ఎర. గాలపు కొక్కేనికి వెంట్రుకలు, మెరుపు పోగులు దారంతో బిగించి, తల దగ్గర లోహపు కళ్ళు కట్టి దీన్ని చేస్తారు. పెద్ద చేపలు వేటాడి తినే చిన్న చేపను ఇది అనుకరిస్తుంది. ఈ కోవ ఎరలను ఫ్లై గాలం వేటలో స్ట్రీమర్లు అంటారు. వాటిలో ప్రపంచమంతటా పేరున్నది 1980లలో అమెరికాలో రూపుదిద్దుకున్న క్లౌజర్ డీప్ మిన్నో. విజయనగరం జిల్లా కొత్తవలస పరిసరాల్లో గాలానికి వానపామునో బతికున్న చిన్న చేపనో గుచ్చడం అలవాటు. బతికున్న చేప చేసే పనిని ఈ ఎరలో దారం, వెంట్రుక, కాస్త లోహం కలిసి చేస్తాయి. చేపలా కనిపించడం కన్నా చేపలా కదలడం ఈ ఎరకు ముఖ్యం. ఆ కదలిక లోహపు కళ్ళు ఎక్కడ కూర్చున్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

చిన్న చేపను పోలిన ఫ్లైలు క్లౌజర్ కంటే ముందే ఉన్నాయి. కెనడాలోని నిపిగాన్ నదిపై డాన్ గాపెన్ 1930లలో మడ్లర్ మిన్నోను కట్టాడు. లెఫ్టీ క్రే (1925–2018) 1950ల చివర్లో రూపొందించిన లెఫ్టీస్ డిసీవర్ సముద్రపు వేటలో స్థిరపడింది. 1991లో అమెరికా తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. అయితే డిసీవర్ వంటి తేలిక ఎరలు లోతుకు త్వరగా దిగవు.

ఆ లోటు తీర్చినవాడు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మిడిల్‌టౌన్‌కు చెందిన బాబ్ క్లౌజర్. సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ చేపల వేటకు గైడుగా పనిచేసేవాడు. ఫ్లై సామగ్రి తయారుచేసే వాప్సీ సంస్థకు చెందిన టామ్ ష్ముకర్ డంబెల్ ఆకారంలో సీసపు కళ్ళు పోత పోశాడు. క్లౌజర్ వాటిని పలచటి జింక తోక వెంట్రుకతో కలిపి 1980ల రెండో సగంలో కొత్త ఎర కట్టాడు. దానికి పేరు పెట్టి, పత్రికల ద్వారా ప్రచారంలోకి తెచ్చినవాడు లెఫ్టీ క్రే. ఈ ఒక్క ఎరతోనే తాను 80కి పైగా జాతుల చేపలను పట్టానని ఆయన చెప్పేవాడు.

భారతదేశంలో ఫ్లై వేట బ్రిటిష్ పాలనా కాలం నుంచి ఉంది. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ రాసిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ 1873లో వెలువడింది. మహసీర్ చేపను ఎలా పట్టాలన్నది అందులో ప్రధానాంశం. నేటి విజయనగరం ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం.

సామగ్రి

కొక్కెం: సాధారణంగా 6వ నంబరు నుంచి 1/0 వరకు వాడతారు. ఈ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. ఇక్కడ చెప్పిన వాటిలో 1/0 అన్నింటికన్నా పెద్దది. ఉప్పు నీటికి తుప్పు పట్టని ఉక్కు కొక్కేలు కావాలి.

కళ్ళు: ఒక జత బరువు సుమారు 0.6 నుంచి 1.4 గ్రాములు. ఘన సెంటీమీటరుకు సీసం 11.3 గ్రాములు, టంగ్‌స్టన్ 19 గ్రాములకు పైగా, ఇత్తడి సుమారు 8.5 గ్రాములు తూగుతాయి. అందుకే టంగ్‌స్టన్ కళ్ళు చిన్నవైనా వేగంగా మునుగుతాయి. లోతు తక్కువున్న చోట గొలుసు పూసల జత చాలు.

వెంట్రుక: అమెరికాలో తెల్లతోక జింక తోక వెంట్రుక వాడతారు. మన దేశంలో చుక్కల దుప్పి, కణుజు వంటి అడవి జింకల వెంట్రుకను ఇందుకు వాడకూడదు. అవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు. పొడవాటి మేక వెంట్రుక, దూడ తోక వెంట్రుక, కృత్రిమ పోగులు ఆ పనికి చక్కగా సరిపోతాయి.

వీటితో పాటు గట్టి పాలియెస్టర్ దారం, సన్నని మెరుపు పోగులు, కొక్కేన్ని పట్టి ఉంచే చిన్న వైస్, పదునైన కత్తెర, ఫెవిక్విక్ వంటి జిగురు ఉండాలి.

కట్టే విధానం

కొక్కేన్ని వైస్‌లో బిగించి, ముందరి రింగు వెనక నుంచి కొక్కెపు నిటారు కాడ మీద దారం చుడతారు. రింగు నుంచి కాడ పొడవులో మూడో వంతు దూరాన, కాడ పైభాగంలో కళ్ళను అడ్డంగా నిలిపి, దారాన్ని ఐమూలగా ఇటూ అటూ మార్చి మార్చి చుడతారు. తర్వాత కళ్ళ కిందుగా, కాడకు పైగా గుండ్రంగా నాలుగైదు చుట్లు వేస్తే ఐమూల చుట్లు బిగుసుకుంటాయి. ఒక చుక్క జిగురు వేసి ఆరనివ్వాలి. కళ్ళు వేలితో తిప్పినా కదలకూడదు. ఇక్కడ వదులుంటే నీటిలో ఎర పక్కకు దొర్లుతుంది.

పొట్ట భాగానికి అగ్గిపుల్ల మందం మించని తెల్ల వెంట్రుకల కుచ్చు తీసుకుని, పొట్టివాటిని దువ్వి తీసేస్తారు. పొడవు కాడకు రెండు రెట్లు లేదా కాస్త ఎక్కువ. దాన్ని కళ్ళకు ముందు కట్టి, రెండు కళ్ళ మధ్య గాడిలోంచి వెనక్కి తెచ్చి, కళ్ళ వెనక మరోసారి కట్టాలి. అక్కడ చుట్లు మరీ బిగిస్తే వెంట్రుక విచ్చుకుంటుంది.

ఇప్పుడు కొక్కేన్ని తలకిందులు చేసి వైస్‌లో పెడతారు. కళ్ళకు ముందు కొన్ని మెరుపు పోగులు, వాటిపై ముదురు రంగు వెంట్రుకలు కడతారు. ఇది వీపు. ఈ కుచ్చును కళ్ళ వెనక కట్టరు; కొక్కెపు మొనకు ఇరుపక్కలా పడి దాన్ని కొంత కప్పుతుంది. చివరగా తలను శంకువులా దారంతో నింపి, ముడి వేసి, జిగురు పూస్తారు. కొత్తగా కట్టేవారు వెంట్రుక ఎక్కువ పెడతారు. ఒత్తుగా కట్టిన ఎర నెమ్మదిగా మునుగుతుంది, మొద్దుగా కదులుతుంది. పలచగా కట్టినదే నీటిలో చేపలా అల్లాడుతుంది.

నీటిలో కదలిక

కళ్ళు కాడ పైన కూర్చోవడం వల్ల బరువు కిందికి తిరిగి, కొక్కెపు మొన పైకి లేస్తుంది. అందువల్ల ఎర అడుగున రాళ్ళకూ దుంగలకూ తక్కువగా తగులుకుంటుంది. బరువు ముందు ఉన్నందున దారం లాగితే తల లేచి ముందుకు సాగుతుంది, ఆపితే తల కిందికి వాలి మునుగుతుంది. ఇలా లాగి ఆపుతూ ఉంటే దెబ్బతిన్న చేప తడబడుతున్నట్టు ఉంటుంది. వేటాడే చేప తక్కువ శ్రమతో దొరికే ఆహారాన్ని వదలదు. ముదురు వీపు, తెల్ల పొట్ట నిజమైన చేపల్లోనూ ఉండే రంగుల అమరికే.

బరువు తల దగ్గర ఉన్న ఎరను విసరడం కష్టం. సాధారణంగా తొమ్మిది అడుగుల, 8 నంబరు కర్రతో, చేతిని నిదానంగా, వెడల్పుగా తిప్పి విసురుతారు. ఎర తగిలి గాయం కాకుండా కళ్ళద్దాలు, టోపీ తప్పనిసరి.

ఉత్తరాంధ్ర నీళ్ళలో

కిరండూల్ రైలు మార్గం చీలే కొత్తవలస జంక్షన్‌కు చుట్టుపక్కల చెరువులు, గెడ్డలు ఉన్నాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్థని బొర్రా గుహలు, తాటిపూడి జలాశయం దాటి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. చెరువు నుంచి సముద్రం దాకా ఒక్కో నీటికి ఎర బరువు మారాలి.

కలుపు నిండిన చెరువుల్లో కొర్రమీను కాచుకుని ఉంటుంది. అక్కడ సీసపు కళ్ళు నాచులో కూరుకుపోతాయి. గొలుసు పూసలే మేలు. పరిగెల్లాంటి గోధుమ, తెలుపు రంగులు నప్పుతాయి. బురద నీటిలో నలుపో, మెరిసే లేత పచ్చ పసుపో కనిపిస్తుంది. వాలుగ రాత్రిపూట వేటాడుతుంది కాబట్టి దానికి చీకటి పడ్డాక ఎర వేయాలి. నది మొగల్లో తిరిగే పండుగొప్పకు బరువైన కళ్ళు, నెత్తళ్ళలా సన్నని ఎర కావాలి. సముద్రంలో వంజరం పళ్ళు నైలాను దారాన్ని కోసేస్తాయి కాబట్టి ఎర ముందు చిన్న తీగ ముక్క కడతారు.

చట్టం, పర్యావరణం

నీటిలో పోయిన సీసం పక్షులకు విషం. హంసలు చనిపోతున్నాయని బ్రిటన్ 1987లో చిన్న సీసపు గాలపు గుండ్ల అమ్మకాన్ని నిషేధించింది. ఇత్తడి, టంగ్‌స్టన్ దొరుకుతున్నప్పుడు తాగునీటి జలాశయాల్లో సీసం వాడకం సమంజసం కాదు.

ఊరి చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలకో, పాటలో దక్కించుకున్నవారికో ఉంటుంది. వారి అనుమతితోనే గాలం వేయాలి. వానాకాలంలో కొర్రమీను జంట ఎర్రటి పిల్లల గుంపును కాపాడుకుంటూ తిరుగుతుంది. ఆ సమయంలో పెద్ద చేపను పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. పిల్లల గుంపు కనిపించిన చోట ఎర వేయకపోవడం, కొక్కెపు ఎదురు ముల్లును పటకారుతో నొక్కేయడం ప్రతి గాలపువాడి బాధ్యత. ముల్లు లేని కొక్కెం నుంచి చేపను గాయం పెరగకుండా విడిపించి, ప్రాణంతో నీటిలోకి వదలవచ్చు.