స్ప్రూ వ్యాధి: ఒకే ప్రయోగశాల, రెండు మందులు

స్ప్రూ అనేది ఉష్ణమండల దేశాలలో చిన్నపేగుకు వచ్చే జబ్బు. తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, నోటిపూత, రక్తహీనతలతో రోగి క్షీణిస్తాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరినీ ఈ జబ్బు ఎనిమిది రోజుల వ్యవధిలో బలిగొంది. ఆయనా దాని బారినపడి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు.

అమెరికా వెళ్లిన సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇది ఎలా పనిచేస్తుంది? పేగు లోపలి పొరలో పాత కణాలు రాలి, కొద్ది రోజులకే కొత్తవి పుడతాయి. కణం విభజన చెందాలంటే డి.ఎన్.ఎ. తయారుకావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. స్ప్రూలో దెబ్బతిన్న పేగు దానిని సరిగా గ్రహించలేదు. అది అందక పేగు మరింత దెబ్బతింటుంది. ఫోలిక్ ఆమ్లం మాత్ర ఈ విషవలయాన్ని తెంచుతుంది. రక్తహీనత తగ్గి ఆకలి పుడుతుంది.

అయితే ముదిరిన జబ్బుకు ఇదొక్కటే చాలదు. పేగులో అతిగా పెరిగిన బాక్టీరియాను కూడా అణచాలి. అందుకు వాడేది టెట్రాసైక్లిన్. ఆ తరగతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీలోనే పుట్టింది. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆ మందు 1948లో వెలుగులోకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు. ఆయన సోదరులను బలిగొన్న జబ్బుకు నేటికీ వైద్యులు ఇచ్చేవి ముఖ్యంగా ఈ రెండు రకాల మందులే.