దామోదరం సంజీవయ్య

దామోదరం సంజీవయ్య (1921 ఫిబ్రవరి 14 – 1972 మే 7) కర్నూలు జిల్లాకు చెందిన రాజకీయ నాయకుడు, ఆంధ్రప్రదేశ్ రెండో ముఖ్యమంత్రి. దేశంలో ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు ఆయనే. తాత్కాలిక పార్లమెంటుతో మొదలుపెట్టి మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు, ఆపైన రాజ్యసభ: ఇరవై రెండేళ్ల ప్రజాజీవితంలో ఇన్ని సభల్లో కూర్చున్న రాయలసీమ నాయకులు అరుదు. కాంగ్రెస్ పార్టీ జాతీయాధ్యక్ష పదవి రెండు విడతలు నిర్వహించారు.

కర్నూలు పక్కనున్న పెద్దపాడులో భూమీ పుట్రా లేని కుటుంబంలో పుట్టారు. తండ్రి మునెయ్య కొడుకు పసివాడుగా ఉండగానే కన్నుమూశారు. తల్లి సుంకులమ్మ కూలి చేసి పిల్లల్ని సాకింది. కర్నూలు మునిసిపల్ హైస్కూలు చదువు తరువాత అనంతపురం దత్తమండల కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. యుద్ధకాలంలో చిన్నపాటి సర్కారు కొలువులు చేసి, మద్రాసులో లా చదివారు. చదువు 1948లో ముగిసింది. బల్ల మీద పుస్తకాలు సర్దుకుని వకీలుగా స్థిరపడేలోపే, 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యత్వం ఆయన్ని ఢిల్లీకి పిలిచింది. అప్పటికి ఆయన వయసు ముప్పై కూడా నిండలేదు.

రిజర్వుడు స్థానం

సంజీవయ్య రాజకీయాన్ని అర్థం చేసుకోవాలంటే ఆయన నిలబడిన స్థానాల స్వభావం తెలియాలి. 1932 పూనా ఒప్పందం ప్రకారం దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు రద్దయి, రిజర్వుడు స్థానాలు వచ్చాయి. పోటీ చేసేది దళితులే, ఓటు వేసేది మాత్రం అందరూ. తొలి ఎన్నికల రోజుల్లో ఈ స్థానాలు చాలావరకు ద్విసభ్య నియోజకవర్గాల్లో ఉండేవి. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ఎన్నికయ్యేవారు, ఓటరుకు రెండు ఓట్లుండేవి. ఈ పద్ధతిని 1961లో ఎత్తేశారు.

తైవాన్‌లో ఇందుకు భిన్నమైన ఏర్పాటు ఉంది. అక్కడి జాతీయ చట్టసభలోని 113 స్థానాల్లో ఆరింటిని ఆదివాసులకు కేటాయించారు. మైదాన ఆదివాసులకు మూడు, కొండ ఆదివాసులకు మూడు. ఆ సభ్యుల్ని ఎన్నుకునేది ఆదివాసీ ఓటర్లు మాత్రమే. అక్కడి సభ్యుడు తన వాళ్లకు మాత్రమే జవాబుదారీ, ఇతరుల దయ అక్కర్లేదు. మన పద్ధతిలో దళిత అభ్యర్థి ఊళ్లో రెడ్డిగారి ఇంటి ముందూ, శెట్టిగారి అంగడి ముందూ నిలబడి ఓటు అడగాలి. సీమ పల్లెల్లో ఆ అడగడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఏది మేలన్నది అంబేద్కర్, గాంధీల నాటి తగవు. సంజీవయ్య మెతకదనమూ, అందర్నీ కలుపుకుపోయే నైజమూ ఈ పద్ధతిలోనే పదునెక్కాయి. ఆయనకంటూ సొంత ముఠా ఏర్పడకపోవడానికీ ఇదే కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మంత్రిగా

1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. 375 స్థానాల సభలో కాంగ్రెస్‌కు దక్కినవి 152. మెజారిటీ లేకపోయినా రాజాజీ ప్రభుత్వం ఏర్పాటు చేసి, ముప్పై ఒకటేళ్ల సంజీవయ్యను మంత్రిగా తీసుకున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయ్యింది. కచేరీలకు గదులు చాలక గుడారాలు వేసిన రోజులవి. కూలి చేసిన తల్లి ఉన్న ఊరికి కూతవేటు దూరంలో, ప్రకాశం పంతులు మంత్రివర్గంలో కొడుకు మంత్రి. 1955లో ఎమ్మిగనూరు నుంచి గెలిచి బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలో కొనసాగారు. ముఖ్యమంత్రులు నలుగురు మారినా ఆయన మాత్రం మంత్రిగానే ఉన్నారు. 1954లో ఉపాధ్యాయురాలు కృష్ణవేణిని పెళ్లాడారు.

ముఖ్యమంత్రిగా

నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీ వెళ్లడంతో ముఖ్యమంత్రి కుర్చీ ఖాళీ అయ్యింది. పార్టీలోని వర్గాలు పట్టుబట్టాయి. 1960 జనవరి 11న సంజీవయ్య ప్రమాణం చేశారు. నెహ్రూ మొగ్గు ఆయన వైపు ఉందన్నది ప్రసిద్ధం. అప్పటికి వయసు 38. మొత్తం రెండేళ్ల రెండు నెలల పాలన, అందులోనూ చివరి నెలలు ఎన్నికల హడావుడి. ఆ కొద్దికాలంలో చేసిన పనుల్లో మూడు నేటికీ నిలిచి ఉన్నాయి.

మొదటిది వృద్ధాప్య పింఛను. తల్లికి డబ్బు ఇవ్వబోతే, "నాకు నువ్వున్నావు, కొడుకులు లేని ముసలోళ్లకు ఎవరున్నారు" అని ఆమె అడిగిందనీ, అక్కడినుంచే పింఛను పుట్టిందనీ జనం చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గాని, 1960లో పింఛను మొదలైన మాట నిజం. ఈరోజు ఏ పార్టీ ఎన్నికల ప్రణాళిక తిరగేసినా పింఛను మాట లేకుండా ఉండదు. రెండోది 1961 జనవరిలో ఏర్పాటైన అవినీతి నిరోధక శాఖ.

మూడోది భూమి. పత్తికొండ వైపు వాళ్లకు ఇది విడిగా చెప్పాలి. నిజాం నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చిన దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా పెద్ద కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇక్కడ రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ 1827 జులై 6న కలరా సోకి చనిపోయింది పత్తికొండలోనే. రైత్వారీలో పట్టా భూమి సాగుదారు పేరున ఉంటుంది, శిస్తు నేరుగా సర్కారుకు కడతాడు. జమీందారు బెడద తప్పింది, మంచిదే. అయితే ఆ లెక్కల్లో పేరు లేనివాడికి ఈ పద్ధతి ఒరగబెట్టింది తక్కువ. మాల మాదిగ పేటల్లో అత్యధికులు అలా లెక్కకు బయటే మిగిలారు, మరొకరి చేలో వేరుశనగ పీకే కూలీలుగా. సంజీవయ్య ప్రభుత్వం సర్కారు బంజర్లలో సుమారు 6 లక్షల ఎకరాలను భూమిలేని పేదలకు పంచిందని చెబుతారు. సీమలో వీటిని డీకేటీ భూములంటారు. ఇచ్చినవి ఎక్కువగా గుట్టవాలులో, రాళ్లలో ఉన్న చెక్కలేనన్న విమర్శ ఉంది, అది తోసిపుచ్చదగ్గది కాదు. ఇచ్చిన భూమి అప్పులకూ బెదిరింపులకూ చేతులు మారడంతో, అమ్మకాలను నిషేధిస్తూ 1977లో చట్టం తేవాల్సి వచ్చింది.

1962 ఎన్నికల్లో పత్తికొండకు పొరుగునే ఉన్న కోడుమూరు నుంచి గెలిచారు. పార్టీ కూడా గెలిచింది. అయినా మార్చి 12న నీలం సంజీవరెడ్డి తిరిగి వచ్చి ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్నికలో ఓడి దిగినా, సభలో అవిశ్వాసానికి దిగినా అదొక లెక్క. ఇక్కడ అదేమీ లేదు. బలవంతుడు వచ్చి కుర్చీ అడిగితే లేచి ఇచ్చినట్టయ్యింది.

ఢిల్లీలో

అదే ఏడు కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, ఆ పదవిలోనూ తొలి దళితుడు ఆయనే. 1964లో రాజ్యసభ సభ్యుడై, లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు. బోనస్ చెల్లింపు చట్టం 1965లో వచ్చింది. అప్పటిదాకా బోనస్ అంటే యజమాని దయ, లేదా ట్రిబ్యునల్ తీర్పు. చట్టం వచ్చినప్పుడు లాభమొచ్చినా నష్టమొచ్చినా జీతంలో కనీసం 4 శాతం ఇచ్చి తీరాల్సి వచ్చింది, గరిష్ఠం 20 శాతం. పండగ ముందు బోనస్ అందుకునే కార్మికుల్లో ఈ చట్టం వెనక పెద్దపాడు మనిషి ఉన్నాడని తెలిసినవాళ్లు ఎందరో! తరువాత పరిశ్రమల శాఖ, 1970లో మళ్లీ కార్మిక శాఖ నిర్వహించారు. కార్మిక సమస్యల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. 1971లో రెండోసారి పార్టీ అధ్యక్షుడై, ఆ పదవిలో ఉండగానే ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. వయసు 51.

పేరు

హుసేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు, విశాఖపట్నంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, కృష్ణపట్నం దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం ఆయన పేరు మీద ఉన్నాయి. మద్దికెర పొలాల్లో పుట్టి, కర్నూలులో తుంగభద్రలో కలిసే హంద్రీ మీద గోనెగండ్ల దగ్గర కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టును సంజీవయ్య సాగర్ అంటారు.

సంజీవయ్య దిగిపోయిన 1962 మార్చి తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గాని, విడిపోయిన రెండు రాష్ట్రాల్లో గాని మరో దళితుడు ముఖ్యమంత్రి కాలేదు.