ఘాజీకి ఎదురెళ్లిన ముసలి ఓడ

"ఘాజీ" సినిమా మనలో చాలామందిమి చూసే ఉంటాం. అందులో మన జలాంతర్గామి వెళ్లి పాకిస్తాన్ జలాంతర్గామితో పోరాడుతుంది. కానీ 1971లో నిజంగా దానికి ఎదురెళ్లింది నీటి మీద తిరిగే ఓ ముసలి యుద్ధనౌక. పేరు ఐఎన్ఎస్ రాజ్‌పుత్. నడిపించిన అధికారి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్.

మా వేములవాడలో నీళ్లంటే రాజన్న గుడి ధర్మగుండం, మూలవాగు. సముద్రం చూడాలంటే ఏ సెలవులకో వైజాగ్ పోవాల్సిందే. ఆర్కే బీచ్‌లో పిల్లలను కురుసుర సబ్‌మెరైన్ ఎక్కించి తిప్పుతాం. అక్కడే ఉన్న యుద్ధ స్మారకం ముందు ఫోటో దిగి వచ్చేస్తాం. ఆ స్మారకం వెనక ఉన్నది ఈ కథే.

అప్పట్లో మనకున్న ఒకే ఒక్క విమాన వాహక నౌక విక్రాంత్. దాని బాయిలర్‌లో పగుళ్లు ఉన్నాయి, పూర్తి వేగంతో పోలేదు. దాన్ని ముంచాలనే ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ దీవుల వైపు దాచి, అది విశాఖ దగ్గరే ఉన్నట్టు శత్రువును నమ్మించారు. విక్రాంత్ వేషం వేసి సముద్రంలో తిరిగింది రాజ్‌పుతే. ఆ నాటకంలో ఒక చిన్న సందేశం కూడా ఉంది. విక్రాంత్‌లోని ఓ నావికుడు, జబ్బుగా ఉన్న తన తల్లి ఎలా ఉందని అడుగుతున్నట్టు మామూలు వైర్‌లెస్‌లో పంపారు. అమ్మ బాగోగులు అడిగే కొడుకును ఎవరు అనుమానిస్తారు?

డిసెంబర్ 3 సాయంత్రం యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రికి కాస్త ముందు రాజ్‌పుత్ మళ్లీ బయల్దేరింది. దారి చూపే దీపాలన్నీ ఆర్పేశారు. రేవు దాటగానే శత్రు జలాంతర్గామి పొంచి ఉండొచ్చని ఇందర్ సింగ్‌కు ముందే చెప్పారు. అయినా ఓడ ఆగలేదు. రేవు దారి దాటించే పైలట్ దిగిపోగానే ఆయన వేగం పెంచారు. కాసేపటికి నీటి మీద ఏదో కదలిక కనిపించిందని కాపలా నావికుడు చెప్పగానే, నీటి లోతులో పేలే రెండు డెప్త్ చార్జీలు వదిలించారు. కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు ఒడ్డుదాకా వినిపించింది. తర్వాత మత్స్యకారులు తేలుతున్న వస్తువులు తెచ్చిచ్చారు. నౌకాదళ ఈతగాళ్లు దిగి చూస్తే, అడుగున ఉన్నది ఘాజీయే.

ఘాజీ పేలింది రాజ్‌పుత్ దెబ్బకేనా, అది తెచ్చుకున్న మందుపాతరలు దానిలోనే పేలాయా అన్న వాదన ఇంకా నడుస్తోంది. పాకిస్తాన్ రెండో మాటే అంటుంది. మరి అలాంటప్పుడు ఇందర్ సింగ్‌కు వచ్చిన వీర చక్ర మాటేమిటి?

యుద్ధంలో చూపిన ధైర్యానికి ఇచ్చే పతకాల్లో పరమ వీర చక్ర, మహా వీర చక్ర తర్వాతది ఇది. గుండ్రటి వెండి పతకం, సగం ముదురు నీలం, సగం కాషాయం రిబ్బను. నా మటుకు అది చీకట్లో, దారి దీపాలు లేని రేవు నుంచి, పాత ఓడలో వందల ప్రాణాల బాధ్యత మోస్తూ బయల్దేరినందుకు. ఎదురుగా ఏముందో తెలిసీ వెళ్లాడు. ఘాజీ ఎలా మునిగినా ఆ బయల్దేరడం మారదు.

మనం మాత్రం పిల్లల్ని మార్కు వచ్చాకే మెచ్చుకుంటాం. భయపడుతూనే స్టేజీ ఎక్కిన పిల్లకు బహుమతి రాకపోతే, ఆ ఎక్కడమే మరిచిపోతాం.

ఇంకొక్క మాట. ఘాజీలో 90 మందికి పైగా చనిపోయారు. వాళ్ల ఇళ్లలోనూ తల్లులు, భార్యలు ఎదురుచూశారు. ఈసారి వైజాగ్ వెళ్తే ఆ స్మారకం దగ్గర పిల్లలకు రాజ్‌పుత్ కథతో పాటు ఈ మాట కూడా చెప్పండి.