బోర్డు హైస్కూలు: చేరినవారు, కృతార్థులైనవారు

పూర్వము ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షాఫలితములు వార్తాపత్రికలలో అంకెల రూపమున ప్రకటింపబడుచుండెను. అందు పేరుండదు, ఊరుండదు. నంబరు కనబడినచో గట్టెక్కినట్లు, కనబడనిచో తప్పినట్లు. అనేక గ్రామములలో పత్రిక వచ్చుచోటు గ్రంథాలయ మొక్కటియే యగుటచే, ఆనాటి ఉదయము పఠనమందిరము ముందు బాలురును వారి తండ్రులును గుమిగూడెడివారు. సాయంకాలమునకు ఊరి బడి మంచిదో చెడ్డదో తీర్పు వెలువడెడిది. నూటికి ఇంతమంది యను సంఖ్యయే ఆ తీర్పునకు ఆధారము. ఆ సంఖ్య వెనుక బల్లలపై కూర్చున్నవారు ఎవరని అరసినవారు అరుదు.

మద్రాసు రాజధానిలో మెట్రిక్యులేషను స్థానమున ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి 1911 ప్రాంతమున ఏర్పడెను. ప్రాథమిక విద్య అయిదేండ్లు, పిదప ఫస్టుఫారము మొదలు సిక్స్తుఫారము వరకు ఆరేండ్లు. విద్యార్థికి ఒక పుస్తక మీయబడెడిది. పుట్టిన తేది, పుట్టుమచ్చలు, మార్కులు అందు నమోదగుచుండెను. పుట్టిన తేది విషయమున మాత్రము ఆ పుస్తకమును పూర్తిగా నమ్మరాదు. బడిలో వేసిననాడు పంతులుగారు వయస్సు ఉజ్జాయింపుగా వేయుటచే, పల్లెటూరి పిల్లలలో పెక్కుమంది జూన్, జులై మాసములందే జన్మించినట్లు రికార్డుల వలన తెలియుచున్నది! కళాశాలలో చేరుటకు అర్హుడా, కాడా యనునదే ఆ పరీక్షకు ముఖ్యప్రయోజనము. కావుననే “ఎలిజిబిల్ అయినాడు” అను మాట జనవ్యవహారమున పాతుకొనెను.

జిల్లాబోర్డుల హైస్కూళ్ళు పల్లెలకు వచ్చుటకు ముందు ఉన్నతవిద్య ప్రధానముగా పట్టణములదే. ఊరివారు స్థలమో రొక్కమో సమకూర్చి, బోర్డువారిని పలుమారులు అర్థించి హైస్కూలును తెచ్చుకొనుట నాటి వాడుక. అయినను ఆ బడి అందరిదీ కాలేదు. స్కూలుజీతము కట్టవలెను, పుస్తకములు కొనవలెను, పొలములో అక్కరకు వచ్చు పిల్లవానిని ఆరేండ్లు వదులుకొనవలెను. తొలితరములలో చేరినవారు కరణముల యిండ్ల పిల్లలు, ఉద్యోగస్థుల బిడ్డలు, కలిగిన రైతుల కుమారులు. వారములు చెప్పుకొని, పూటకొక యింట భుజించి చదివిన పేద బ్రాహ్మణ బాలురును కొందరుండిరి. చుట్టుప్రక్కల ఊళ్ళనుండి నాలుగైదు మైళ్ళు నడచి, చద్దిమూటతో వచ్చిన రైతుబిడ్డలు క్రమముగా హెచ్చిరి.

ఆడపిల్లల కథ వేరు. ప్రాథమిక పాఠశాలలో కనబడిన బాలిక సెకండుఫారము, థర్డుఫారము వచ్చుసరికి కనబడదు. ఈడు వచ్చినదని మాన్పింతురు, లేదా పెండ్లి కుదుర్తురు. 1961 జనాభా లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు నూటికి 21 మంది. స్త్రీలలో 12 మంది. సిక్స్తుఫారమున ఒకరిద్దరు బాలికలున్న బడిని గూర్చి ఇరుగుపొరుగు ఊళ్ళలో చెప్పుకొనెడివారు.

నాడు హరిజనులని వ్యవహరింపబడిన కులముల బాలురకు వాకిలి చట్టమున తెరచియున్నను, ఆచరణమున బిగిసియే యుండెను. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ ఆది ఆంధ్రులను పేరును ముందుకు తెచ్చినది. చదువుకొనవలెనను పట్టుదల అప్పటికే ఆ పేటలలో మొలకెత్తినది. వారిని నిజముగా హైస్కూలునకు చేర్చినవి మాత్రము వసతిగృహములు. పూటకింత అన్నము, రాత్రి దీపము దొరకనిచో ఎంత తెలివిగలవాడైనను సిక్స్తుఫారము ముఖము చూడజాలడు.

ఇక ఫలితముల సంగతి. తొలినాళ్ళలో బడుల పేరు నిలిచినదనిన అందుకు ఉపాధ్యాయుల శ్రద్ధ యొకటి, ఏరివేత మరియొకటి. బలహీనులని తోచిన వారిని ఫిఫ్తుఫారమునందే నిలిపివేయుట పరిపాటి. నిలిచినవాడు మరుసటియేడు నాగలి పట్టెడివాడు; వాని వైఫల్యము ఏ పట్టికకును ఎక్కదు. ఏరిన గింజలను కొలిచి పంట బాగున్నదనుట వంటిదే ఈ లెక్క.

1959 నాటి చట్టముతో పంచాయతీ సమితులు, జిల్లాపరిషత్తులు ఏర్పడి, బోర్డు బడులు పరిషత్తు బడులైనవి. హైస్కూళ్ళు హెచ్చినవి, ఇంట అక్షరము తెలిసినవారు లేని పిల్లలు హెచ్చిరి, దానితోపాటు తప్పినవారును హెచ్చిరి. ఇంగ్లీషు, లెక్కలు వారి పాలిటి గండములు. కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు అను విభాగములున్న కాలమున, లెక్కల మేష్టరు లేని ఊరిలో పిల్లవాడు జనరల్ లెక్కలే తీసికొనెడివాడు. దానితో ఇంజనీరింగు చదువునకు దారి ఆనాడే మూసికొనిపోయెడిది. “చదువు దిగజారినది” అని పెద్దలు అనిరి. దిగజారినది సంఖ్య, తలుపు మాత్రము వెడల్పైనది. ఈ రెంటిని కలిపి చూడనివారి మాట విని కొందరు తండ్రులు బడినే తప్పుపట్టిరి. తెలంగాణమున ఈ దశ ఇంకను ఆలస్యముగా వచ్చినది. నిజాము పాలనలో బోధన ఉర్దూలో సాగుటచే, తెలుగుపల్లె బాలునకు హైస్కూలు పరాయిగనే తోచెను. 1948 పిమ్మటనే తెలుగున చదువు విస్తరించినది.

1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ఆరంభమైనది. పిదప తాడికొండ, కొడిగెనహళ్ళి మొదలగుచోట్ల అట్టివే వెలసినవి. ప్రవేశపరీక్షలో నెగ్గిన పల్లెటూరి పేదబాలునకు అవి వరములు. కాని వాడు విడిచివచ్చిన బడి తన మొదటి ర్యాంకువానిని కోల్పోయినది. అటుపిమ్మట ప్రైవేటు ఇంగ్లీషు మీడియము బడుల బండ్లు ఊరిలోనికి వచ్చి, జీతము కట్టగల యిండ్ల పిల్లలను, అందు ముఖ్యముగా మగపిల్లలను, ఎక్కించుకొనిపోయినవి. పరిషత్తు బడిలో మిగిలినవారు కూలినాలి చేసికొను వారి బిడ్డలు, వసతిగృహముల పిల్లలు. ఒకనాడు ఒకరిద్దరే యున్న ఆడపిల్లలు పెక్కుచోట్ల మగపిల్లలను మించిరి.

ఇట్టి బడిలో పదవ తరగతి పరీక్షకు పన్నెండుగురు కూర్చుండిరనుకొందము. ఒక్క బాలిక లెక్కలలో తప్పినచో ఉత్తీర్ణత నూటికి తొంబదిరెండునకు దిగును. ఇద్దరు తప్పినచో ఎనుబదిమూడు. మూడువందల మందిని పంపు పట్టణపు బడిలో ఇద్దరి మాట ఎవరికిని తెలియదు. పల్లెబడి యోగ్యత తెలిసికొనగోరువారు ఫలితముల పట్టికతోపాటు అడ్మిషను రిజిస్టరును గూడ తెరచి చూడవలెను. అందు తండ్రి వృత్తి గడిలో కరణీకము, వ్యవసాయము అని యున్నచోట కూలి అని ఏ యేటినుండి మొదలైనదో, బాలికల పేరులకెదురుగ “బడి విడిచిన కారణము” అను గడిలో పెండ్లి అను మాట ఏ యేటినుండి అరుదైనదో, ఆ పుటలలో వ్రాయబడియే యున్నది.