కొలిమికి గోడలెందుకు లేవు?

కోలారు సీమలో మా పెద్దోళ్ల కొలిమి పందిరి కింద ఉండేది, చుట్టూ గోడల్లేవు. కన్నడంలో దాన్నే కులుమె అంటారు. కట్టెబొగ్గుకు పొగ తక్కువే. అయినా దాంట్లో పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. గని పేలుళ్లలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, ఈ విషవాయువేనని 1896లో జాన్ స్కాట్ హాల్డేన్ తేల్చాడు.

తర్వాత రాక్షసిబొగ్గు వచ్చింది, దాంతో గంధకం పొగా వచ్చింది. పందిళ్లు పోయి షట్టర్ల షెడ్లు వచ్చినాయి.

మా ఇంటి పిల్లోళ్లు ఇప్పుడు షెడ్డులో మళ్లీ కొలిమి పెడతామంటున్నారు. మేము చెప్పేది ఇదే: పొగగొట్టం ఒక్కటే చాలదు, లోపలికి గాలి వచ్చే దారీ ఉండాల. జింకు పూత ఇనుము కాల్చొద్దు, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరమే. తలనొప్పి, వాంతి వస్తే వెంటనే బయటికి రావాల. ముందు షట్టరెత్తండి, ఆపైన నిప్పు రాజేయండి.